చావుగానీ, దూరంగానీ

కల్నల్ ఆంబ్రోస్ వెల్‌ఫోర్డ్‌కి స్వేచ్ఛ అంటే ప్రాణం. ఆ సంగతి ఆయనే చెప్పుకునేవాడు, రోజుకోసారైనా. భోజనాల బల్ల దగ్గర పంది తొడ కోస్తూ చెప్పేవాడు, పీచ్ పళ్ల సారా రెండో గ్లాసు దిగాక చెప్పేవాడు, చర్చి మెట్ల మీద గుర్రం కోసం ఎదురుచూస్తూ చెప్పేవాడు. ఆయన తండ్రి ఇంగ్లండు రాజు మీద తుపాకీ పట్టాడట. రాజుకి తలవంచి బతకడం కంటే చావడం మేలన్నాడట. ఆ తండ్రి పటం హాల్లో గోడకి వేలాడేది. దాని మీద దుమ్ము పడకుండా తుడవడానికి ఒక మనిషి ఉండేది. ఆ మనిషిని కొన్నది కూడా ఆ తండ్రే.

ఆ దుమ్ము తుడిచిన మనిషి కూతురు డార్కస్. ఇప్పుడు వెల్‌ఫోర్డ్ వారి వంటమనిషి. వర్జీనియాలో జేమ్స్ నది ఒడ్డున పొగాకు పండించే దొరలందరిలోనూ ఆమె వంటకి పేరుంది. వండింది ఆమే అయినా పేరు మాత్రం కల్నల్‌దే. "వెల్‌ఫోర్డ్ ఇంట్లో భోజనం" అనేవారు తప్ప డార్కస్ వంట అని ఒక్కరూ అనేవారు కాదు. వంటిల్లు ఇంటికి దూరంగా విడిగా ఉండేది. గిన్నెలు అక్కణ్నుంచి భోజనాల గదికి మోసుకెళ్లేవాడు ముసలి ప్రైమస్ మామ. ఖాళీ గిన్నెలతో తిరిగొచ్చినప్పుడల్లా డార్కస్ అతన్ని అడిగేది.

"ఏం మామా, ఇవాళ స్వేచ్ఛ వచ్చిందా బల్ల మీదికి?"

"రాకేం. సూప్ తరవాత, మాంసానికి ముందు."

"ఇవాళ తొందరగానే వచ్చిందే!"

"పాస్టరు గారున్నారుగా. ఆయనకి ఆకలెక్కువ. స్వేచ్ఛని గబగబా మింగేసి మాంసం మీద పడ్డారు."

ఇద్దరూ నవ్వుకునేవారు. ఆ నవ్వు వంటింటి గుమ్మం దాటేది కాదు. దాటితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

అమెరికాకి స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్లు దాటిన కాలం అది. ఆ ఏడు జూలై నాలుగు పండక్కి కల్నల్ ఇంటికి ఒక ఫ్రెంచి దొర వస్తున్నాడు. పేరు బెర్తలో. రాజులు లేని దేశం ఎలా ఉంటుందో కళ్లారా చూసి పుస్తకం రాస్తాడట. ఐరోపా నుంచి వచ్చేవాళ్లు ముందు స్వేచ్ఛని పొగిడి, ఆనక బానిసల సంగతి ఎత్తి నసుగుతారని కల్నల్‌కి తెలుసు. అందుకని ఒక ఉపాయం ఆలోచించాడు. పచ్చిక మీద, అతిథుల కళ్లెదుట ఒక బానిసల పెళ్లి జరిపించాలి. కొత్త బట్టలు, ఫిడేలు, నవ్వు మొహాలు. "చూశారా మొస్యో, మావాళ్లు ఎంత సుఖంగా ఉన్నారో" అనాలి. ఆ ముక్క అద్దం ముందు అని చూసుకున్నాడు కూడా. గడ్డం గీస్తున్న ప్రైమస్ మామే సాక్షి.

పెళ్లికూతురు డార్కస్ కూతురు ఫీబీ. పెళ్లికొడుకు కొలిమి దగ్గర పనిచేసే సైలస్. ఇద్దరూ ఏడాదిగా ఒకరినొకరు ఇష్టపడుతున్నారు. డార్కస్ సంతోషించాల్సిన విషయమే. కానీ అదే వారం ఇంకో వార్త కూడా వంటింట్లోకి వచ్చింది. కల్నల్ కూతురు లవీనియా అమ్మగారికి అలబామాలో పత్తి పండించే దొరతో సంబంధం కుదిరింది. శీతాకాలంలోపు ప్రయాణం. అమ్మగారి జడ వేసేది ఫీబీ, బట్టలు కుట్టేది ఫీబీ. పుట్టింటివాళ్లు వెండి గిన్నెలతోపాటు ఫీబీని కూడా పెట్టి పంపుతారని ఎవరూ నోరు తెరిచి చెప్పక్కర్లేదు. ఎక్కడో దక్షిణాన ఉన్న అలబామా అంటే వర్జీనియా బానిసలకి పరలోకం కిందే లెక్క. అక్కడికి పోయినవాళ్లు కబురు కూడా పంపలేదు.

"ఇప్పుడే ఏడవకే. ఇంకా వేసవే కదా," అన్నాడు ప్రైమస్ మామ.

"ఏడవడం లేదు మామా, ఆలోచిస్తున్నాను," అంది డార్కస్.

తెల్లవాళ్ల పెళ్లిలో పాస్టరు "చావు మిమ్మల్ని విడదీసేదాకా" అంటాడు. బానిసల పెళ్లిలో అదే పాస్టరు, అదే గొంతుతో, "చావుగానీ, దూరంగానీ మిమ్మల్ని విడదీసేదాకా" అంటాడు. ఎందుకంటారా? దేవుడి ముందు అబద్ధమాడకూడదు కదా పాపం! రేపు యజమాని మొగుణ్ని ఒక పక్కకీ పెళ్లాన్ని ఒక పక్కకీ అమ్మితే ప్రమాణం తప్పినట్టవుతుంది. ఆ పాపం దొరలకి అంటకుండా ఒక్క ముక్క ముందే తగిలించి పెట్టారు. భక్తి అంటే ఇంత జాగ్రత్తగా ఉండాలి మరి. పాస్టరు పీక్ ఆ ముక్క అనేటప్పుడు గొంతు కూడా తడబడేది కాదు.

డార్కస్‌కి అబ్నర్‌తో పెళ్లి చేసింది ఆ పాస్టరే. ఆ మాటలే చెప్పించాడు. పడుచు పిల్ల, పెళ్లి సంబరంలో ఆ ముక్క ఆమె చెవికెక్కలేదు. దూరం ఫీబీకి మూడేళ్లప్పుడు వచ్చింది. బానిసల్ని కొనే జార్జియా వ్యాపారి రూపంలో, బండెక్కి వచ్చి అబ్నర్‌ని తీసుకుపోయింది. ఆ పూట కూడా ఆమె చేత బిస్కట్లు చేయించుకుని తిన్నారు. అప్పట్నుంచి డార్కస్ కల్నల్ వంక చూసినప్పుడల్లా ఆమెకి కోపం కూడా వచ్చేది కాదు. చెప్పు కింద పడ్డ పురుగుని చూసినప్పుడు కలిగే ఏవగింపు, అంతే. కోపానికైనా ఎదుటివాడు కాస్త మనిషై ఉండాలి.

కానీ కల్నల్‌లో ఒక్క సంగతి ఆమె ఎరుగును. ఆయనకి పరువు పిచ్చి. ఒకసారి ఒక గుర్రం బేరంలో పక్క తోట దొర ఆయన్ని అబద్ధాలకోరు అన్నాడు. తెల్లారేసరికి ఇద్దరూ పిస్తోళ్లు పట్టుకుని నది ఒడ్డున నిలబడ్డారు. ఆ దొర ఇప్పటికీ చర్చిలోకి కుంటుకుంటూ వస్తాడు. ఈ వర్జీనియా దొరలు పసిపిల్లని తల్లి ఒళ్లోంచి లాక్కుని అమ్ముకుంటే పరువు చెక్కుచెదరదు. నలుగురి ముందు ఇచ్చిన మాట తప్పారంటే మాత్రం పిస్తోలు తీస్తారు. డార్కస్ దాన్నే పట్టుకుంది. సైలస్ లేకపోతే తోటలో నాగళ్లు కదలవు, గుర్రాలకి నాడాలుండవు. కల్నల్ వాణ్ని వదులుకోడు. సైలస్‌నీ ఫీబీనీ విడదీయనని ఆయన చేత నలుగురి ముందు అనిపించగలిగితే చాలు, పిల్ల ఇక్కడే ఉండిపోతుంది.

ఫీబీకి ఈ లెక్క నచ్చలేదు.

"ఆయన మాటా? అమ్మా, నీకు మతి గానీ పోయిందా? ఆయన మాట్లాడేదంతా గాలే కదే!"

"మనతో ఆడే మాట గాలే. వాళ్లలో వాళ్లు ఆడే మాట వేరేనే పిచ్చిదానా. దానికోసం చస్తారు వాళ్లు."

"అత్త చెప్పింది నిజమేనేమో," అన్నాడు సైలస్. "ఆ కుంటిదొర గుర్రానికి నాడాలేసింది నేనే. కాలెలా కుంటిదైందో చెప్పుకుని మురిసిపోతాడు. తుపాకి దెబ్బ తిని మురిసిపోయే జాతి వీళ్లు."

"మురవనీ," అంది డార్కస్. "ఈసారి మనకి పనికొస్తుంది."

జూలై నాలుగు వచ్చింది. పొద్దున్నే ఊళ్లో ఫిరంగి పేల్చారు. పెరట్లో గుంట తవ్వి, హికరీ కట్టెల నిప్పుల మీద పందుల్ని కాల్చారు. పచ్చిక మీద బల్లలు వేశారు. ఒక దొర లేచి స్వాతంత్ర్య ప్రకటన చదివాడు. మనుషులందరూ సమానంగా పుట్టారన్న చోట గొంతు పెంచాడు. సమానంగా పుట్టినవాళ్లు తెల్ల చేతితొడుగులు వేసుకుని, చెమటలు కక్కుతూ, వెనక నిలబడి ఈగలు తోలుతున్నారు. తర్వాత ఆనవాయితీ ప్రకారం పదమూడు రాష్ట్రాల పేరు మీద పదమూడుసార్లు గ్లాసులెత్తారు. ప్రతిసారీ స్వేచ్ఛకే. ఏడో గ్లాసుకి పాస్టరు పీక్ మొహం బీట్‌రూట్ అయింది. ఎనిమిదో గ్లాసుకి కుంటిదొర ఏడ్చాడు.

బెర్తలో దొరకి వంట తెగ నచ్చింది. పంది తొడ రెండుసార్లు వడ్డించుకున్నాడు. "ఇది ఎవరి చేతి వంట? నేను ఆ మనిషికి కృతజ్ఞత చెప్పుకోవాలి!" అని వంకర ఇంగ్లీషులో పట్టుబట్టాడు. కల్నల్ మురిసిపోయి డార్కస్‌ని పిలిపించాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి బల్ల చివర నిలబడింది. ఫ్రెంచి దొర లేచి వంగి దండం పెట్టాడు. దొరసానులు కిలకిల నవ్వారు.

"చూశావా డార్కస్, ఎంత మర్యాద జరిగిందో నీకు!" అన్నాడు కల్నల్. సారా ఆయన చేత ధారాళంగా మాట్లాడిస్తోంది. "ఇవాళ పండగ. పైగా నీ కూతురి పెళ్లి. ఏం కావాలో అడుగు. ఇదుగో అందరి ముందూ అంటున్నాను, అడుగు."

డార్కస్ తల వంచుకునే అంది. "నాకేం వద్దు దొరగారూ. పాస్టరు గారు ఇవాళ పెళ్లి మాటలు తెల్లవాళ్ల పెళ్లిలో చెప్పినట్టే చెప్పిస్తే చాలు."

బల్ల చుట్టూ దొరలకి విషయం అర్థమైంది. బెర్తలో ఒక్కడికే అర్థం కాలేదు.

"అంటే? వీళ్ల పెళ్లిలో మాటలు వేరా?"

పాస్టరు పీక్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. డార్కసే చెప్పింది. "మీకు చావు ఒక్కటే విడదీస్తుందయ్యా. మాకు చావుగానీ, దూరంగానీ అంటారు."

"దూరమా?"

"అమ్మేస్తే వచ్చే దూరం."

ఫ్రెంచి దొర చేతిలోని ఫోర్కు కింద పెట్టేశాడు. కల్నల్ మొహం ముందు తెల్లబడి, ఆనక ఎర్రబడి, చివరికి నవ్వులోకి దిగింది. "అది... పాత అలవాటు మొస్యో, చర్చివాళ్ల అలవాటు. ఈ ఇంట్లో దానికి విలువ లేదు. పీక్, ఇవాళ ఆ ముక్క తీసెయ్." లేచి నిలబడ్డాడు. చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. "నా పరువు మీద ఒట్టేసి చెబుతున్నాను. నేను బతికుండగా ఈ జంటని ఏ దూరమూ విడదీయదు. వెల్‌ఫోర్డ్ మాట!"

చప్పట్లు మారుమోగాయి. బెర్తలో కళ్లు తుడుచుకున్నాడు. స్వేచ్ఛకి ఇంకో గ్లాసు పడింది. అంత కన్నీరు కార్చిన ఆ పెద్దమనిషి, మరి నీ మాటకి ముందు వీళ్ల బతుకేంటని అడిగాడా? అడగలేదు. పుస్తకంలోకి మంచి ఘట్టం దొరికిందని జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు.

పెళ్లయింది. పాస్టరు పీక్ చావు దగ్గర ఆగాడు. అలవాటుకొద్దీ నోరు ముందుకి పోబోయి, తడబడి, మూసుకుంది. ఆ నాలిక తడబడ్డం డార్కస్ చూడ్డం అదే మొదటిసారి. ఆ సాయంత్రం గుడిసెల దగ్గర ఫీబీ, సైలస్ చేతులు పట్టుకుని, బానిసల పెళ్లి ఆనవాయితీగా, నేల మీద పరిచిన చీపురు మీదుగా దూకారు. డార్కస్ మోకాళ్ల నొప్పి మరిచిపోయి ఫిడేలుకి అడుగులేసింది. "అత్తని ఇలా ఎప్పుడూ చూళ్లేదే!" అని పడుచువాళ్లు ముక్కున వేలేసుకున్నారు. అబ్నర్ పోయాక ఆమె మనసారా నవ్వింది ఆ ఒక్క సాయంత్రమే.

ఫ్రెంచి దొర నాలుగు రోజులుండి వెళ్లిపోయాడు. అతని బండి దుమ్ము అణగకముందే కల్నల్ నుంచి పిలుపొచ్చింది. డార్కస్ వెళ్లేసరికి ఆయన కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. వెనక్కి తిరగలేదు.

"పరాయి దేశస్థుడి ముందు నా తల తీసేశావు."

"నేనేం చేశాను దొరగారూ, మీరు అడగమన్నారు..."

"నోర్ముయ్యి. నీ ఎత్తు నాకు తెలీదనుకున్నావా? నన్ను మాటతో కట్టేద్దామనుకున్నావు." అప్పుడు తిరిగాడు. మొహంలో కోపం లేదు, ఒకలాంటి తృప్తి ఉంది. "సరే. వెల్‌ఫోర్డ్ మాట తప్పడు. ఆ జంటని దూరం విడదీయదన్నాను, విడదీయదు. సైలస్‌ని కూడా లవీనియాకే ఇస్తున్నాను. ఇద్దరూ కలిసి అలబామా పోతారు. కమ్మరిని వదులుకుంటున్నాను నేను! నష్టం నాదే. మాట కోసం నేను ఎంతకైనా తెగిస్తానని ఇప్పటికైనా తెలుసుకో."

పుట్టి బుద్ధెరిగాక డార్కస్ ఎవరి కాళ్లూ పట్టుకోలేదు. ఆ రోజు పట్టుకుంది. తర్వాత జీవితంలో ఏది తలుచుకున్నా సిగ్గుపడలేదు గానీ, ఆ ఒక్కటి తలుచుకుంటే ఆమె ఒళ్లు కుంచించుకుపోయేది.

"నన్నూ పంపండి దొరా. ముసలిదాన్ని. మీకు పెద్ద నష్టం లేదు. నన్నూ వాళ్లతో పంపెయ్యండి."

కల్నల్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నువ్వు పోతే మరి నాకు వంటెవరు చేస్తారు?"

ఆయన ఉద్దేశంలో అది దెప్పు కాదు, ప్రశ్న. అదీ ఆయన సంస్కారం.

ఆకులు ఎర్రబడే వేళకి బండి కట్టారు. ముందు లవీనియా అమ్మగారి పెట్టె బండి, వెనక సామాన్ల బండి. సామాన్ల మధ్య ఫీబీ, సైలస్. డార్కస్ మొక్కజొన్న రొట్టెలు, ఎండబెట్టిన ఆపిల్ ముక్కలు మూటగట్టి ఒళ్లో పెట్టింది. మూట ముడి విప్పి, మళ్లీ వేసింది.

"మేమిద్దరం కలిసే ఉన్నాం కదే అమ్మా," అంది ఫీబీ. "నువ్వు అడక్కపోతే ఇది కూడా ఉండేది కాదు."

"అవును తల్లీ."

"నామీద ఒట్టు, నిన్ను నువ్వు తిట్టుకోకు."

"తిట్టుకోను. నేనెందుకు తిట్టుకుంటాను? తిట్టాల్సినవాళ్లు చాలామంది ఉన్నారు."

సైలస్ అత్త చెయ్యి తీసుకుని మొహానికి ఆనించుకున్నాడు. బండివాడు గుర్రాల్ని అదిలించాడు. ఫీబీ వెనక్కి తిరిగి, తల్లి కనపడినంతసేపూ చూస్తూనే ఉంది. డార్కస్ చెయ్యి ఊపింది. బండి మలుపు తిరిగి చెట్ల వెనక్కి పోయాక కూడా ఊపుతూనే ఉంది.

వసారా మీద సాగనంపడానికి వచ్చిన దొరలు నిలబడి ఉన్నారు. కుంటిదొర కల్నల్ భుజం తట్టి, "మాటకోసం కమ్మరిని వదులుకున్నావయ్యా. ఈ రోజుల్లో ఎవడు చేస్తాడు?" అన్నాడు. పాస్టరు పీక్ తల ఊపాడు. కల్నల్ ఛాతీ పొంగింది. మెట్ల కింద నిలబడ్డ డార్కస్‌ని చూసి, అందరికీ వినపడేలా అన్నాడు.

"చూశావా డార్కస్? మాటంటే ఇదీ. థాంక్స్ చెప్పవా?"

డార్కస్ తలెత్తింది. బానిసలు దొరల కళ్లలోకి చూడకూడదన్నది అక్కడి కట్టుబాటు. ఆమె చూసింది. తొందరేమీ లేకుండా చూసింది.

"మాట నిలబెట్టుకున్నారు దొరా. నా మొగుడు లేడు, నా పిల్ల లేదు. ఇక మీరు నన్ను భయపెట్టడానికి మీ దగ్గర ఏమీ మిగల్లేదు."

అని చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయింది. భోజనాల వేళవుతోంది మరి.

మధ్యాహ్నం దొరలంతా బల్ల ముందు కూర్చున్నారు. ప్రైమస్ మామ సూప్ వడ్డించాడు. ఆవిరి లేస్తోంది, వాసన గదంతా నిండింది. పాస్టరు పీక్ గబగబా ప్రార్థన ముగించి స్పూను ఎత్తాడు. ఎత్తినవాడు కల్నల్ వంక చూసి ఆగిపోయాడు. కల్నల్ స్పూను బల్ల మీదే ఉంది. ఆయన సూప్ వంక చూస్తున్నాడు. ఏమీ మిగల్లేదన్న మాట అప్పటికి ఆయన లోపలికి దిగింది. ఏమీ మిగలని మనిషి చేతి వంట ఆయన ముందుంది. ఇవాళే కాదు, రేపు పొద్దున, రేపు మధ్యాహ్నం, బతికినంతకాలం.

"ప్రైమస్," అన్నాడు గొంతు సవరించుకుని, "నువ్వు కాస్త రుచి చూడు."

"అయ్యయ్యో! దొరల గిన్నెలో నల్లవాళ్ల మూతి పెట్టకూడదని తమరే కదా చెప్పారు," అన్నాడు ప్రైమస్ మామ అమాయకంగా.

సూప్ మీద నూనె తెట్టు కట్టడం మొదలైంది. అప్పుడు తలుపు దగ్గర డార్కస్ కనిపించింది. ఎవరూ పిలవలేదు. తిన్నగా కల్నల్ కుర్చీ పక్కకి వచ్చి, ఆయన స్పూను తీసుకుని, ఆయన గిన్నెలోంచి తాగింది. నిలబడే, తాపీగా, గిన్నె ఖాళీ అయ్యేదాకా తాగింది. స్పూను గిన్నెలో పెట్టి మూతి తుడుచుకుంది.

"ఉప్పు సరిపోయింది. తినండి."

ఆ పూట ఎవరూ తినలేకపోయారు. ఆమెని కొరడాతో కొట్టించినా, అమ్మేసినా, కల్నల్ వెల్‌ఫోర్డ్ తన వంటమనిషికి భయపడ్డాడని కుంటిదొర జిల్లా అంతా చెబుతాడు. పరువున్న దొర కదా, ఆ పని చేయలేడు. అందుకని ఆ ఇంట్లో ఆమె వండుతూనే ఉంది, ఆయన తింటూనే ఉన్నాడు. ప్రతి పూటా మొదటి స్పూను నోటి దాకా వచ్చి ఆగేది, కళ్లు తలుపు వైపు పోయేవి. ఆ బల్ల మీదికి మళ్లీ స్వేచ్ఛ రాలేదని ప్రైమస్ మామ చెప్పేవాడు. ఏళ్ల తరబడి ఆయన అలా మింగుతూ చిక్కి సగమయ్యాడు. డార్కస్ ఏనాడూ ఆ గిన్నెలో ఏమీ కలపలేదు. అంత శ్రమకి ఆయన తగడనుకుంది.